జీతం, తనఖా, వతన్: బహదూర్‌పురా పరిసరాల వలస చరిత్ర

నగర చరిత్ర రాసేవారు సాధారణంగా కట్టడం దగ్గర మొదలుపెట్టి కట్టించినవాడి దగ్గర ముగిస్తారు. మధ్యలో ఆ కట్టడం చుట్టూ కాపురాలు పెట్టినవారెవరు, ఎక్కడినుంచి వచ్చారు, ఏం తిని బతికారు అనే ప్రశ్నలకు చోటుండదు. రాజుల కథ కానిది కూడా చరిత్రేనని సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో 1949లోనే నిరూపించి చూపారు. ఆ గ్రంథానికి 1955లో సాహిత్య అకాడమీ బహుమానం ఇచ్చి గౌరవించుకున్నాం. అయినా హైదరాబాదు పాతబస్తీ విషయానికి వచ్చేసరికి మనలో చాలామంది ఇంకా చార్మినారు చుట్టూనే ప్రదక్షిణం చేస్తున్నారు.

నేను ఇక్కడ పరిశీలించదలచిన బహదూర్‌పురా ప్రాంతం చార్మినారుకు పడమటగా, మూసీకి దక్షిణంగా వుంది. పురానాపూల్ దాటి బెంగుళూరు రోడ్డు పట్టి పోతే కుడివైపు కిషన్‌బాగ్, ముందుకు తాడ్‌బన్, మీర్ ఆలం చెరువు, దానిని ఆనుకొని 1963లో తెరిచిన నెహ్రూ జంతు ప్రదర్శనశాల. ఇప్పుడు జూ పార్కు దగ్గరనుంచి ఆరాంఘర్ దాకా నాలుగు కిలోమీటర్ల పైవంతెన వుంది. 2025 జనవరిలో దానిని ప్రారంభించారు. శంషాబాదు విమానాశ్రయానికి పోయేవారు ఆ పేటలను కిందికి చూడకుండానే దాటిపోవచ్చు. మన చరిత్రకారులు చాలాకాలంగా చేస్తున్న పనిని ఇప్పుడు మోటారుకార్లు కూడా చేస్తున్నాయన్నమాట.

ఈ ప్రాంతానికి ద్వారం పురానాపూల్. దీనిని 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించాడు. తెలుగు చదువుకున్నవారికి ఈయన మల్కిభరాముడు. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఈయనకే అంకితమిచ్చాడు. ఈయన అధికారి పటాన్‌చెరువు అమీన్‌ఖానుకు పొన్నిగంటి తెలగనార్యుడు ‘యయాతి చరిత్రము’ను అంకితమిచ్చాడు. అచ్చ తెలుగు కావ్యాలలో అది మొదటిది. సాహిత్య చరిత్రలో మనం ఇంతవరకే చెప్పి ఆగిపోతాం. ఆగకూడని సంగతి మరొకటి వుంది. ఈ వంశానికి మూలపురుషుడైన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతంనుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చి, బహమనీ కొలువులో చేరినవాడు. ఇబ్రహీం తానే అన్నకు భయపడి పారిపోయి, ఏడేండ్లు విజయనగరంలో ఆశ్రయం పొందినవాడు. అతనికి తెలుగు పట్టుబడింది ఆ ప్రవాసంలోనే. తనకు ఆశ్రయమిచ్చిన రామరాయల మీదికే 1565లో ఇతర సుల్తానులతో కలిసి దండెత్తినవాడు కూడా ఇతడే. కనుక ఆశ్రయం, భాష, కృతజ్ఞత అనే వాటిని రాజుల జీవితాలలోనుంచి పాఠాలుగా ఏరుకోవడం అంత క్షేమకరం కాదు.

వంతెన కట్టడానికి కారణం భాగమతి ప్రేమకథ అని చెప్పేవారున్నారు. ప్రేమకథకు రాతి వంతెన అక్కరలేదు. గోలకొండ కోటనుంచి మచిలీపట్నం రేవుకు పోయే వర్తకపు దారికి అక్కర వుంది. నదికి ఉత్తరపు ఒడ్డున వున్న పేట పేరు కార్వాన్. బిడారు అనే అర్థమిచ్చే ఫార్సీ మాట అది. అక్కడ సాహుకార్లు, గుజరాతీ వర్తకులు దిగారు. 1591లో దక్షిణపు ఒడ్డున కొత్త నగరం వెలసింది. దాని రూపకల్పనలో ముఖ్యుడైన మీర్ మోమిన్ అస్తరాబాదునుంచి వచ్చినవాడు. అంటే పుట్టిననాటికే హైదరాబాదు వలస వచ్చినవారి పట్నం. ‘అసలు’ జనం ముందుండి, తరువాత ‘పరాయి’ జనం వచ్చి కలిశారనే చిత్రం ఈ పట్నానికి అతకదు. గోలకొండ చుట్టుపట్ల పల్లెలనుంచి మట్టి పనికి, రాతి పనికి, తోట పనికి వచ్చిన తెలుగువాడు కూడా ఈ గడ్డకు ఆనాడు కొత్తవాడే.

ఇక మీర్ ఆలం చెరువు. మీర్ ఆలం తండ్రి ఇరాన్‌లోని షుష్తర్‌నుంచి వచ్చాడు. కొడుకు 1799లో టిప్పుసుల్తాను మీద యుద్ధంలో నిజాము సేనకు నాయకత్వం వహించి, 1804లో దివాను అయినాడు. శ్రీరంగపట్నంలో దక్కిన సొమ్ముతో ఈ చెరువు కట్టించాడని ప్రసిద్ధి. 1804-1806 మధ్య కట్టిన దీని ఆనకట్ట ఇరవైఒక్క అర్ధవృత్తాకారపు కమానుల వరస. నీటి ఒత్తిడిని ఒక్కొక్క కమాను పక్క స్తంభాలమీదికి నెట్టే పద్ధతి అది. 1920లో ఉస్మాన్‌సాగర్ వచ్చేదాకా పట్నం తాగిన నీళ్లలో ఇది ముఖ్యమైన భాగం. ఒక ఇరానీ కుటుంబపు పేరు, ఇంగ్లీషు కంపెనీ ఇంజనీర్ల లెక్క, మైసూరులో కొల్లగొట్టిన డబ్బు, దక్కను నల్లరాయి, సున్నం నూరి రాయి పేర్చిన కూలి చేతులు, ఇవన్నీ కలిస్తే ఒక చెరువు అయింది. పేరు మాత్రం ఒక్కరిదే మిగిలింది.

ఇంతవరకు చెప్పినది పైవర్గపు వలస. ఇరాన్‌నుంచి వచ్చిన ఉలేమాలు, అమీర్లు, ఉత్తరాదినుంచి వచ్చిన కాయస్థ, ఖత్రీ ఉద్యోగులు, వీరి వంశచరిత్రలు దొరుకుతాయి. కాని పేటలకు పేటలు ఏర్పడింది మరొక వలసవల్ల. అది జీతపు సిపాయిల వలస.

బహదూర్‌పురాకు ఆనుకొనివున్న కిషన్‌బాగ్‌లో సిఖ్ ఛావనీ వుంది. 1832 ప్రాంతంలో దివాను చందూలాల్ కాలంలో, మహారాజా రంజీత్‌సింగు లాహోరునుంచి పంపిన పటాలం ఇక్కడ దిగింది. ప్రజలు దానిని లాహోరీ ఫౌజ్ అన్నారు. శిస్తు వసూళ్లకూ, ఖజానా కావలికీ వారిని వాడుకున్నారు. వారి గురుద్వారా బరంబాలా సాహెబ్ నేటికీ వుంది. రంజీత్‌సింగు రాజ్యం 1849లో అంతరించింది. నిజాము రాజ్యం 1948లో అంతరించింది. రెండు ప్రభుత్వాలూ పోయినా ఛావనీ పోలేదు. తలపాగా, గురుముఖి చదువు ఇంట్లో నిలుపుకొని, వీథిలో దక్కనీ, తెలుగు మాట్లాడే సిక్కు కుటుంబాలు అక్కడ ఏడెనిమిది తరాలుగా బతుకుతున్నాయి.

ఇక్కడినుంచి తూర్పుగా చాంద్రాయణగుట్ట దాటితే బార్కస్ వస్తుంది. ఇంగ్లీషు ‘బ్యారక్స్’ మన నోళ్లలో అరిగి అరిగి ఇలా అయింది. దాని పక్కన సలాలా అనే పేట. ఒమాన్ తీరపు పట్టణం పేరు అది. ఇక్కడివారు యెమెన్‌లోని హద్రమౌత్‌నుంచి వచ్చిన అరబ్బులు. వీరిలో చాలామంది మొదట మరాఠా కొలువులలో పనిచేసినవారు. 1818లో పీష్వా ప్రభుత్వం కూలగానే నిజాము రాజ్యంలోకి వచ్చి చేరారు. వీరికి ‘చావుష్’ అని పేరు. అది తురుష్క సైన్యంలో ఒక హోదా. నగరానికి మరోవైపు మాసబ్ ట్యాంకు దగ్గరి ఏ.సీ. గార్డ్స్ పేట ఆఫ్రికన్ కావల్రీ గార్డుల పేరు మోస్తున్నది. తూర్పు ఆఫ్రికా మూలాలున్న ఈ హబ్షీ సిపాయిల దళానికి మన వనపర్తి సంస్థానంతో సంబంధం వుంది.

రెండు ఖండాలనుంచి వచ్చిన వీరందరినీ ఒకచోట కూర్చింది ఏమిటి? ‘గంగా-జమునా తహజీబ్’ అని జవాబు చెప్పడం ఇప్పుడు ఆచారమయింది. అందమైన మాటే. నదులు కలిసినట్టు సంస్కృతులు వాటంతట అవి కలిశాయని, నవాబుల ఉదారత దానికి గట్టు కట్టిందని దాని భావం. కాని చరిత్ర చూపే కారణం ఇంత కవితాత్మకమైనది కాదు. వీరిని తెచ్చింది జీతం. వీరిని కదలనీయకుండా ఇక్కడే నిలిపింది రాని జీతం.

దీనికి సాక్ష్యం తెలుగు నిఘంటువులోనే వుంది. ఉర్దూలో ‘తన్‌ఖ్వాహ్’ అంటే జీతం. అదే మాట తెలుగులోకి వచ్చి ‘తనఖా’ అయి, కుదువ అనే అర్థంలో నిలిచింది. జీతం కుదువగా ఎట్లా మారింది? నిజాము ప్రభుత్వం సిపాయిలకు రొక్కం ఇవ్వలేక, ఫలానా తాలూకా రాబడిలో నీ జీతం వసూలు చేసుకో అని జమేదారుకు కాగితం రాసిచ్చేది. జమేదారే కొన్నిచోట్ల ప్రభుత్వానికి అప్పు పెట్టి, తాలూకాను చేజిక్కించుకొనేవాడు. తుపాకి పట్టుకొన్నవాడే శిస్తు వసూలుదారు, వడ్డీ వ్యాపారి కూడా అయినాడు. బాకీ చెల్లించని వారిని సొంత ఠాణాలలో బంధించిన అరబ్బు జమేదార్లు వున్నారు. ‘సిబ్బంది’ అనే మాట చరిత్ర కూడా ఇట్లాంటిదే. నేడు ఆఫీసులో పనిచేసే వారందరినీ ఆ పేరుతో పిలుస్తున్నాం. మొదట అది శిస్తు వసూలుకు అద్దెకు పెట్టుకున్న సిపాయిల పేరు.

ఈ వ్యవస్థ బరువు చివరకు పడింది ఎవరిమీద? తెలంగాణ, మరాఠ్వాడా రైతుమీద. పట్నంలో సిపాయికి జీతం బాకీ పడితే, పల్లెలో రైతు ఎడ్లు పోయేవి. ఆ రైతు అప్పుకింద కొడుకును దొర ఇంట పనికి పెడితే వాడికి ‘జీతగాడు’ అని పేరు. పేరులో జీతం వుంది, చేతిలో లేదు. పట్నంలో జీతం రాని సిపాయి, పల్లెలో జీతం లేని జీతగాడు ఒకే వ్యవస్థకు రెండు కొసలు. ఒకడిచేత రెండోవాడిని కొట్టించడంలోనే ఆ వ్యవస్థ నేర్పు వుంది.

ఈ లెక్క సముద్రం దాటి కూడా పోయింది. హైదరాబాదు కొలువులో జమేదారుగా ఎదిగిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ కుటుంబం ఇక్కడి సంపాదనతో హద్రమౌత్‌లో కోటలు, సేనలు సమకూర్చుకొని రాజ్యమే స్థాపించింది. షిహర్, ముకల్లా రేవులను పాలించిన ఆ సుల్తానుల ఏలుబడి 1967దాకా సాగింది. తెలంగాణ పొలాల శిస్తులో ఒక పాయ అరేబియా తీరంలో సింహాసనంగా గడ్డకట్టిందంటే అతిశయోక్తి కాదు.

పై మెట్టున వున్న ఇంగ్లీషువారు చేసింది కూడా ఇదే పని. నిజాము పేరుతో తాము పోషించిన కంటింజెంటు సేన ఖర్చు బాకీ పడిందని చెప్పి, 1853లో బేరారు, రాయచూరు, ధారాశివ్ జిల్లాలను తమ చేతిలోకి తీసుకున్నారు. అదే సంవత్సరం దివాను అయిన మొదటి సాలార్‌జంగు, అరబ్బు, రోహిల్లా జమేదార్ల చేతినుంచి తాలూకాలను ఒక్కటొక్కటే విడిపించాడు. ఆయన సంస్కరణలను పొగిడేవారు ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. చిన్న తనఖాలు విడిపించగలిగాడు. పెద్ద తనఖా జోలికి పోయినప్పుడు శక్తి చాలలేదు. బేరారు తిరిగి రాలేదు.

అయితే సిపాయిలందరినీ ఒకే గాట కట్టడం కూడా పొరపాటే. జమేదారు వేరు, జవాను వేరు. పల్లెల్లో బాకీ వసూళ్లకు పేరుపడిన రోహిల్లాలలోనుంచే తుర్రేబాజ్‌ఖాన్ పుట్టాడు. 1857 జూలై 17న మౌల్వీ అలావుద్దీన్‌తో కలిసి ఇంగ్లీషు రెసిడెన్సీమీద దాడి నడిపాడు. పట్టుబడి, తప్పించుకొని, చివరకు తూప్రాన్ దగ్గర చంపబడ్డాడు. వలస వచ్చినవాడి కులమో దేశమో చూసి వాడు దేశద్రోహి, వాడు దేశభక్తుడు అని తేల్చడానికి వీలులేదని దీనివల్ల తేలుతున్నది. వాడు ఎవరి జీతం తింటున్నాడు, ఎప్పుడు దానిని కాదన్నాడు అన్నదే చూడవలసిన విషయం.

ఇప్పుడు ‘వతన్’ అనే మూడవ మాటకు వద్దాం. ఉర్దూలో అది మాతృభూమి. దక్కను రెవెన్యూ పరిభాషలో అది వంశపారంపర్యపు గ్రామోద్యోగం, దానితో వచ్చే హక్కు. పటేలు, పట్వారీ వతనుదార్లు. అంటే పుట్టినగడ్డ మీద హక్కు అనేది మన ప్రాంతంలో ప్రభుత్వపు కాగితంతో ముడిపడివుంది. ఎవరు స్వదేశి, ఎవరు పరదేశి అని తేల్చే అధికారం సర్కారు చేతిలో పెట్టుకుంది. 1919 ఫర్మానాతో ముల్కీ నిబంధనలు కట్టుదిట్టం చేశారు. ఉత్తర హిందూస్థానంనుంచి వచ్చి ఉద్యోగాలు పట్టినవారిమీద స్థానికుల అసంతృప్తి న్యాయమైనదే. కాని ఆ నిబంధన ఉద్యోగాలు ఎవరికని అడిగింది గాని, వెట్టి ఎవరు చేస్తున్నారని అడగలేదు.

1948 సెప్టెంబరు 13న సైనిక చర్య మొదలై 17న ముగిసింది. దాని వెనుక జిల్లాల్లో జరిగిన హత్యాకాండలో తక్కువ లెక్కన 27 వేలనుంచి 40 వేలమంది దాకా చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. రజాకార్ల దౌర్జన్యానికి బలైన పల్లెల సంగతి మరచిపోకుండానే ఈ లెక్కను కూడా మనం చదవాలి. ఆ తరువాత క్రమేతర సేనలు రద్దయినాయి. అరబ్బులు, పఠానులు విదేశీయుల పట్టికకు ఎక్కారు. తాత ముత్తాతలనాటినుంచి ఇక్కడే పుట్టి పెరిగినవారు నిర్బంధంలో పడ్డారు. కొందరిని ఓడలెక్కించి, వారెన్నడూ చూడని ‘స్వదేశాని’కి పంపారు. జీతం ఆగిపోయిన మరునాడే పౌరసత్వం కూడా ప్రశ్నగా మారింది. నాలుగేండ్లు తిరగకముందే 1952 సెప్టెంబరులో ‘నాన్-ముల్కీ గో బ్యాక్’ నినాదంతో పట్నం అట్టుడికి, సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో విద్యార్థులు చనిపోయారు. ఈసారి పరాయివాడు తెలుగువాడే. కోస్తానుంచి వచ్చిన తెలుగువాడు. ‘పరాయి’ అనే ముద్రకు భాషతో, మతంతో నిమిత్తం లేదనీ, కూటి ప్రశ్న ఎటు తిరిగితే ముద్ర అటు తిరుగుతుందనీ చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

కొలువులు పోయినా మనుషులు మిగిలారు. వారితో కలిసి బతకడంవల్ల ఏర్పడినది కొంత మిగిలింది. హబ్షీ, అరబ్బు సిపాయిల మర్ఫా వాద్యం నేడు తెలుగు పెండ్లి ఊరేగింపులలో కూడా మోగుతున్నది. అరబ్బుల హరీస్ హైదరాబాదు హలీముకు దారి తీసింది. బార్కస్ జామపండ్లకు పట్నమంతా పేరు. అన్నిటికంటె లోతైన కలయిక వాక్యంలో వుంది. దక్కనీ మాట్లాడేవాడు ‘ఆతూఁ బోల్‌కే బోల్యా’ అంటాడు. ‘వస్తానని చెప్పాడు’ అనే తెలుగు వాక్యంలోని ‘అని’ని ‘బోల్‌కే’గా మార్చుకొని, పదాలు ఉర్దూవి వేసి, నడక మాత్రం మన తెలుగుది వుంచుకున్నాడు. ఇట్లాంటి మార్పు దర్బారు ముషాయిరాలలో రాదు. సంతలో, బావి దగ్గర, పనిచోట ఇద్దరు రోజూ మాట్లాడుకుంటేనే వస్తుంది. ఈ కలయిక నవాబులు పెట్టిన భిక్ష కాదు, శ్రమజీవులు సంపాదించుకున్న ఆస్తి. దానిని తహజీబ్ అని పిలిచినా నాకు అభ్యంతరం లేదు. సొంతదారు పేరు సరిగా రాస్తే చాలు.

వలస 1948తో ఆగలేదు. 1970ల తరువాత బార్కస్ యువకులు గల్ఫు దారి పట్టారు. తాతలు వచ్చిన సముద్రంమీదుగానే మనుమలు తిరిగి పోయారు. తాతలలాగే జీతంకోసం పోయారు. పాలమూరునుంచి వచ్చే కూలి జనం ఈ బెంగుళూరు రోడ్డుమీదనే పట్నంలో అడుగుపెడుతున్నారు. 2012 ప్రాంతంనుంచి బర్మాలో ఊచకోత తప్పించుకొని వచ్చిన రోహింగ్యాలు బాలాపూరు వైపు గుడిసెలు వేసుకున్నారు. వీరిని గురించిన చర్చ వినండి. 1948లో అరబ్బుల గురించి, 1952లో కోస్తావారి గురించి అన్న మాటలే మళ్లీ వినబడతాయి.

ఈ మాటలకు ఫలితం ఎట్లా వుంటుందో కిషన్‌బాగ్ చూసింది. 2014 మే 14న సిఖ్ ఛావనీలో మతధ్వజం కాలిపోయిందన్న సంగతిమీద రెండు పక్షాల మధ్య అల్లర్లు చెలరేగి, పోలీసు కాల్పుల్లో ముగ్గురు మరణించారు. 180 ఏండ్లకు పైగా ఒకే బజారులో బియ్యం కొనుక్కున్న జనం వారు. సహజీవనం దానంతట అది నిలిచేది కాదనీ, ఉమ్మడి బతుకుతెరువు తెగిపోయినచోట పాత గుర్తులు కత్తులుగా మారగలవనీ ఆ రోజు హెచ్చరించింది. ‘మనది తహజీబ్ నగరం’ అని చెప్పుకొంటూ నిద్రపోయేవారికి ఆ హెచ్చరిక చేరలేదు.

రచయితల పత్రికలో ఈ చరిత్ర ఎందుకని అడిగేవారుండవచ్చు. పురానాపూల్ కట్టించిన రాజుకు కావ్యాలు అంకితమిచ్చిన మన భాష, ఆ వంతెనకు దక్షిణాన వున్న ప్రజల జీవితాన్ని ఎంతకాలం పట్టించుకుంది? తెలుగు కథలో అరబ్బు, రోహిల్లా అప్పులవాడుగా వచ్చాడు, రజాకారు పక్కన నిలబడి వచ్చాడు. ఇంట్లో కూర్చొని బియ్యం లెక్కపెట్టుకునే మనిషిగా వచ్చింది అరుదు. ఆ లోటు తీర్చే ప్రయత్నం ఆ సమాజంనుంచి వచ్చిన రచయితలే మొదలుపెట్టారు. 2004లో స్కైబాబ సంపాదకత్వంలో వెలువడిన ముస్లిం కథల సంకలనానికి ‘వతన్’ అని పేరు పెట్టడం యాదృచ్ఛికం కాదు. కాగితం మీది వతనును అడుగుతున్న లోకానికి, కథల్లో వతను చూపడం అది.

అందుచేత పాతబస్తీని వర్ణించడానికి బయలుదేరే రచయితకు నా మనవి ఒక్కటే. కమానులు లెక్కపెట్టండి, తప్పులేదు. మీర్ ఆలం చెరువుకు ఇరవైఒక్కటి వున్నాయి. ఆ తరువాత కిందికి దిగి, ఆ పేటలో ఎవరికి ఎవరు ఎంత బాకీ వున్నారో కూడా లెక్కవేయండి. సిక్కు సిపాయికి, అరబ్బు జవానుకు, హబ్షీ రౌతుకు, మట్టి మోసిన పాలమూరు మనిషికి ఈ పట్నం బాకీ వుంది. వారి పేర రైతునుంచి గుంజినది కూడా ఆ ఖాతాలోనే రాయాలి. ఆ లెక్క తేలనంతకాలం వారి ఇంటిగడప తనఖాలోనే వుంటుంది. ఎవరో ఒకరు వచ్చి కాగితం చూపమని అడుగుతూనే వుంటారు.